రోకలి బరువు రోకలిదే

(ఒక ఆదివారం ఉదయం, తాయ్‌చీ అనే చైనా యుద్ధకళ సాధకులతో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు రెండు చప్పుళ్లు వినిపిస్తాను. కళ్లు మూసుకుని వింటే ఇంకా మంచిది.

(వేదిక మీద కుడి పాదాన్ని రెండుసార్లు దించారు.)

మొదటిది టప్‌మని చెవికి తగిలింది. ముందు వరుసలో ఒక పాప ఉలిక్కిపడింది కూడా. రెండోది చెవికి అంతగా తగల్లేదు, కానీ కుర్చీలోంచి మీకు అందింది. వెనక వరుసలో తల ఊపుతున్నారు, అంటే అక్కడి దాకా వచ్చిందన్నమాట. మొదటిసారి నేను నేలను కొట్టాను. రెండోసారి నా కాలు నేల మీద పడింది, నేను దాన్ని పడనిచ్చాను. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు చప్పుళ్ల గురించే. వాటి తేడా ఒంటికి తెలియడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. మధ్యలో ఒక మోకాలు కూడా దెబ్బతింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

మీలో సగం మంది తాయ్‌చీలో చెన్ కుటుంబం నుంచి వచ్చిన చెన్ శైలి నేర్చుకుంటున్నారు. తక్కినవాళ్లు 24 భంగిమల తాయ్‌చీ చేస్తున్నారు. 1956లో చైనాలో ప్రభుత్వం తరఫున అందరికీ అనుకూలంగా కూర్చిన ఆ వరుసలో ఎక్కడా పాదం చప్పుడు చేయదు. దానికి అలవాటుపడ్డవాళ్లు చెన్ శైలి మొదటిసారి చూసినప్పుడు కంగారు పడతారు. అంతదాకా నెమ్మదిగా కదులుతున్న మనిషి ఉన్నట్టుండి మోకాలెత్తి దభీమని పాదం దించుతాడు. "ఇదేం తాయ్‌చీ మాస్టారూ, కోపం వచ్చినట్టుంది" అని అడిగినవాళ్లున్నారు. కోపం ఉంటే ఆ చప్పుడు సరిగ్గా రాదు. ఎందుకు రాదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

దీన్ని చైనీస్‌లో 'జెన్ జియావ్' అంటారు. జియావ్ అంటే పాదం. జెన్ అంటే ఉరుము, కంపనం. రాసేటప్పుడు ఆ అక్షరం నెత్తిన వాన గుర్తు ఉంటుంది. ఉరిమినప్పుడు కిటికీ తలుపులు అదురుతాయి చూడండి, ఆ అదురు అన్నమాట. పేరులోనే అదురు ఉంది, దెబ్బ లేదు.

ఇప్పుడు భంగిమ దగ్గరికి వద్దాం. చెన్ శైలి పాత వరుసలో లేచి నిలబడగానే మొదట వచ్చే భంగిమ పేరు 'జింగాంగ్ దావ్ దుయ్'. ఈ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. జింగాంగ్ అనే మాట మన 'వజ్రం' అన్న మాటకు బౌద్ధులు చేసుకున్న చైనీస్ అనువాదం. చైనాలో బౌద్ధాలయాల గుమ్మం దగ్గర కండలు తిరిగి, కళ్లురిమి నిలబడే కాపలా దేవుళ్లు ఉంటారు. వాళ్లే జింగాంగ్‌లు, చేతిలో వజ్రాయుధం పట్టిన వజ్రపాణులు. ఇక దావ్ దుయ్ అంటే రోట్లో దంచడం. వజ్రపాణి రోలు దంచుతున్నాడు! మన దేశం నుంచి బౌద్ధంతో వెళ్లిన మాట ఒకటి, ఏ పల్లెకైనా తెలిసిన పని ఒకటి. రెండూ కలిసి చైనాలోని హెనాన్ రాష్ట్రంలో, పసుపు నదికి ఉత్తరాన చెన్‌జియాగౌ అనే ఊళ్లో ఒక భంగిమ అయ్యాయి.

దాని ముగింపు ఎలా ఉంటుందంటే, బరువంతా ఎడమ కాలి మీద కూర్చుంటుంది. ఎడమ అరచెయ్యి బొడ్డు ముందు వెల్లకిలా ఉంటుంది, అది రోలు. కుడి పిడికిలి పైకి లేస్తుంది, దానితో పాటే కుడి మోకాలూ లేస్తుంది. తరువాత పిడికిలి అరచేతిలోకి, పాదం నేల మీదికి ఒకేసారి దిగుతాయి. పిడికిలి రోకలి, పాదం ఇంకో రోకలి.

రోకలి అంటే నాకు మా నాయనమ్మే గుర్తొస్తుంది. వేసవి సెలవుల్లో ఆవిడ పెరట్లో పసుపు కొమ్ములు దంచేది. అడుగున ఇనుప పొన్ను వేసిన రోకలి, ఆవిడ తల కన్నా ఎత్తు. నాకు పన్నెండేళ్లుంటాయి, నేను దంచుతానని పట్టుపట్టాను. బలమంతా పెట్టి పది పోట్లు వేసేసరికి అరచేతులు కందిపోయాయి, పసుపు కొమ్ములు రోట్లోంచి ఎగిరి వాకిట్లో పడ్డాయి. నాయనమ్మ రోకలి తీసుకుని ఒక్క మాట అంది. "నువ్వు కొడుతున్నావు నాయనా. దాని బరువు దానికుంది. ఎత్తి వదిలెయ్, చాలు." ఆవిడ దంచుతుంటే చూశాను. ఎత్తేటప్పుడే పని. పైకి వెళ్లాక వేళ్లు సడలేవి, రోకలి తనంతట తాను దిగేది, అడుగు తగిలే వేళకు ఆవిడ ముక్కులోంచి 'హుఁ' అని ఊపిరి వచ్చేది. మధ్యలో చెయ్యి మార్చుకునేది కూడా, రోకలి గాల్లో ఉండగానే. అలా గంటసేపు దంచి, లేచి వంటకు వెళ్లేది.

మా నాయనమ్మకు చైనా పేరు తప్ప ఇంకేమీ తెలియదు. కానీ జింగాంగ్ దావ్ దుయ్ గురించి నేను విన్న అత్యుత్తమ పాఠం ఆవిడదే. ఎత్తడం నీ పని, దిగడం బరువు పని.

చైనీస్ గురువులు ఇదే విషయానికి రెండు మాటలు వాడతారు. ఒకటి సోంగ్, ఇంకోటి చెన్. ఈ చెన్, చెన్ కుటుంబంలోని చెన్ ఒకటేనా అని చాలామంది అడుగుతారు. పలకడం ఒకటే, అక్షరాలు వేరు. ఈ చెన్‌లో నీటి గుర్తు ఉంటుంది, నీళ్లలో మునగడం అని అర్థం. సోంగ్ అక్షరాన్ని పాత పద్ధతిలో రాస్తే పైన జుట్టు గుర్తు ఉంటుంది. బిగించి ముడిచిన కొప్పు విప్పితే జుట్టు ఎలా జారుతుందో అదీ సోంగ్. ఒళ్లు ముందు విప్పుకోవాలి, అప్పుడు బరువు దానంతట అదే మునుగుతుంది. తాయ్‌చీలో ఇంకో శైలి అయిన యాంగ్ శైలిని ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి తెచ్చిన యాంగ్ చెంగ్‌ఫు రోజులో ఎన్నోసార్లు శిష్యులతో సోంగ్, సోంగ్ అనేవాడని ఆయన దగ్గర నేర్చుకున్న జెంగ్ మాన్‌చింగ్ రాశాడు. అంత పెద్ద గురువు ఒకే మాట అన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటే, అది ఎంత కష్టమో ఊహించండి.

దీన్ని మనం 'రిలాక్స్ అవ్వడం' అనేస్తాం. ఆ మాటతో ఒక ప్రమాదం ఉంది. రిలాక్స్ అనగానే కొత్తవాళ్లు చతికిలపడతారు. వీపు గూనవుతుంది, మోకాళ్లు లోపలికి వాలతాయి. నేను మాత్రం నా దగ్గరికి వచ్చేవాళ్లతో దండెం మీది తడి చీరను గుర్తు తెచ్చుకోమంటాను. పైన దండెం గట్టిగా పట్టుకునే ఉంది. చీర మాత్రం పూర్తిగా కిందికి వేలాడుతోంది, నీళ్లు అంచు దాకా జారుతున్నాయి. తల పైభాగం దండెం, తక్కినదంతా చీర. దండెం తెగితే చీర కుప్పగా పడుతుంది, అది చతికిలపడటం. చీరను మధ్యలో ఎవరో పట్టుకుంటే నీళ్లు అక్కడే ఆగిపోతాయి, అది బిగపట్టడం. మనలో ఎక్కువమందికి ఆ పట్టు భుజాల్లో ఉంటుంది. కొందరికి దవడలో. కుర్చీల్లో కూర్చుని పనిచేసేవాళ్లకు గజ్జల్లో, తొడ ఒంటికి కలిసే మడత దగ్గర.

నిద్రపోయిన పిల్లాణ్ని భుజానికెత్తుకున్న అనుభవం మీలో చాలామందికి ఉంటుంది. అదే పిల్లాడు మెలకువగా ఉన్నప్పుడు తేలిగ్గా లేస్తాడు. నిద్రపోతే రెట్టింపు బరువున్నట్టు ఉంటాడు. కిలో కూడా పెరగలేదు. ఒంట్లో ఎక్కడా పట్టు లేదు కాబట్టి బరువంతా మన భుజం మీదికే జారుతుంది. చెన్ అంటే ఆ నిద్రపోయిన పిల్లాడి బరువు, మెలకువగా నిలబడి తెచ్చుకోవడం.

ఇప్పుడు కాస్త లెక్కలోకి వెళ్దాం. ఇంజినీరింగ్ పిల్లలు కొందరు వచ్చారు, వాళ్ల కోసం. ఇంట్లో సూది తిరిగే పాత బరువు యంత్రం ఉంటే దాని మీద నిలబడండి. మెల్లగా మోకాళ్లు వంచండి. సూది కదిలీ కదలనట్టు ఉంటుంది. ఇప్పుడు ఒక్కసారిగా ఒళ్లు వదిలి అరంగుళం, అంగుళం దిగండి. సూది ముందు తగ్గుతుంది. అరవై కిలోల మనిషి క్షణంపాటు నలభై, ముప్ఫై చూపిస్తాడు. వెంటనే సూది అరవై దాటి పైకి ఎగిరి, తరువాత సర్దుకుంటుంది. అంటే బరువు వదలడంలో మొదటి ఘట్టం తేలికవడం. పడుతున్నప్పుడు మీరు నేలను నొక్కడం లేదు. ఆగినప్పుడు నేల మిమ్మల్ని తిరిగి నెడుతుంది, మీ బరువు కన్నా ఎక్కువగా నెడుతుంది. ఆ నెట్టుడునే మనం పిడికిలి దాకా, మోచేతి దాకా పంపుతాం. బలం పాదంలో పుట్టి, కాళ్లలోంచి లేచి, నడుము చెప్పినట్టు నడిచి, వేళ్లలో కనిపించాలని తాయ్‌చీ పాత పాఠాలు చెప్పింది ఇదే.

ఎంత ఎక్కువగా నెడుతుందో చూద్దాం. లెక్క సులువు కావడానికి ఒళ్లంతా ఒకేసారి ఐదు సెంటీమీటర్లు పడిందనుకోండి. అందుకు పట్టేది సెకనులో పదో వంతు. ఆ పడటాన్ని ఇంకో ఐదు సెంటీమీటర్ల దూరంలో, కీళ్లన్నీ కొంచెం కొంచెం ఇస్తూ ఆపితే, మీ మీద పనిచేసే సగటు బలం మీ బరువుకు రెండు రెట్లు. అదే మోకాలు బిగించేసి ఒక్క సెంటీమీటరులో ఆపితే ఆరు రెట్లు. అరవై కిలోల మనిషికి 360 కిలోలు. అర సెంటీమీటరులో ఆపితే పదకొండు రెట్లు. పడిన ఎత్తు అదే, మనిషి అదే. ఎంత దూరంలో ఆగాడన్న ఒక్క తేడాతో రెండు రెట్లు కాస్తా పదకొండు రెట్లయింది. ఆ భారం మోసేది అరికాలి మెత్తదనం, చీలమండ, మోకాలి చిప్ప వెనక ఉన్న మృదులాస్థి. ఒక్కసారికి అవి ఓర్చుకుంటాయి. రోజుకు నలభైసార్లు, ఏడాదికి మూడొందల రోజులంటే ఎలా ఓర్చుకుంటాయి?

ఇక్కడ నా మోకాలి కథ చెప్పాలి.

నేను మొదట నేర్చుకున్న చోట చప్పుడుకే మార్కులు. ఎవరి పాదం గట్టిగా మోగితే వాడు బాగా చేసినట్టు. ఎవరినీ తప్పు పట్టడం లేదు, నేర్పినవాళ్లకూ అలాగే అర్థమై ఉంటుంది. నేను ఇంటికొచ్చి అపార్ట్‌మెంట్ డాబా మీద సిమెంటు నేల మీద సాధన చేసేవాణ్ని. తెల్లవారుజామున కింది ఫ్లోర్ ఆవిడ పైకి వచ్చి "అన్నయ్యా, మా పాపకి పరీక్షలు" అనేదాకా. అప్పుడైనా ఆపాల్సింది. పార్కులో సిమెంటు బాటకు మారాను. ఆరో ఏడాది కుడి మోకాలి లోపలివైపు సూది గుచ్చినట్టు నొప్పి మొదలైంది. మెట్లు దిగడం నరకం. స్కానింగ్ చేస్తే నెలవంక ఆకారంలో ఉండే మెత్తని పొర చిరిగిందన్నారు. నాలుగు నెలలు ఏ సాధనా లేదు. ఆ నాలుగు నెలలూ గోడకు ఆనుకుని నిలబడి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం మాత్రమే చేశాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పిన పని అది.

ఆ నిలబడటంలోనే నాకు ఒక సంగతి కనబడింది. కుడి కాలు ఎత్తినప్పుడల్లా నా కుడి భుజం కూడా ఒక వేలెడు లేస్తోంది. కడుపు బిగుస్తోంది. కాలు దించే ముందే నేను ఊపిరి బిగపడుతున్నాను. ఆరేళ్లుగా పాదాన్ని నేలకు కొడుతున్నది కాలు ఒక్కటే, తక్కిన ఒళ్లంతా పైన ఎక్కడో వేలాడుతోంది. కాలు కింద ఆగిపోయాక ఒళ్లు వచ్చి దాని మీద పడుతోంది. మోకాలు మధ్యలో నలిగిపోతోంది. చెప్పాను కదా, నాకు అర్థం కావడానికి ఎనిమిదేళ్లు పట్టిందని. ఆ తరువాత రెండేళ్లు నేను చప్పుడే చేయలేదు.

ఈ భంగిమలో అసలు కిటుకు ఎడమ కాలిది. కుడి పాదం దిగేటప్పుడు కూడా ఒంటి బరువు ఎడమ తుంటి మీదే కూర్చుని ఉండాలి. అప్పుడు పడేది కుడి కాలు ఒక్కటే. మనిషి కాలు మొత్తం బరువులో సుమారు ఆరో వంతు ఉంటుంది. అరవై కిలోల మనిషికి పది కిలోలు. పది కిలోల రోకలి, దాని బరువు దానికుంది. దాన్ని వదిలిన క్షణంలోనే ఎడమ తుంటి కూడా వేలెడంత కూర్చుంటుంది, పిడికిలి అరచేతిలోకి వస్తుంది, ఊపిరి కిందికి దిగుతుంది. అరికాలు మొత్తం ఒకేసారి తాకుతుంది. మడమ ముందు తాకితే ఆ అదురు నేరుగా వెన్నెముక ఎక్కి తల దాకా వెళ్తుంది, పళ్లు టకామంటాయి. ఒకసారి అలా జరిగితే మీకే తెలుస్తుంది.

సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి నేను వాడే గుర్తు, పిడికిలి చప్పుడు, పాదం చప్పుడు విడివిడిగా వినిపిస్తున్నాయా అన్నది. టక్, టప్ అని రెండు వినిపిస్తే ఒంట్లో ఎక్కడో పట్టు ఉంది, ఎక్కువగా నడుము దగ్గర. ఒక్కటిగా వినిపిస్తే వదలడం ఒక్కసారే జరిగింది. ఇంకో గుర్తు, పాదం దిగాక మీరు వెంటనే ఎడమకో కుడికో నడవగలగాలి. దిగి, నిలదొక్కుకుని, సర్దుకోవాల్సి వస్తే మీ బరువు పాదం మీద విరిగిపడినట్టే.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇది ఆరోగ్యం కోసం పుట్టిన కదలిక కాదు, పోరాటం కోసం పుట్టింది. ఎదుటివాడి చెయ్యి పట్టుకుని, మోకాలు ఎత్తి, వాడి పాదం మీదో పిక్క మీదో దిగడం ఇందులో ఉంది. ఆ రోజుల్లో ఈ విద్య తెలిసినవాళ్లు దోపిడీ దొంగల నుంచి సరుకును కాపాడే పనికీ వెళ్లేవాళ్లు. ఇప్పుడు మనం పార్కులో చేస్తున్నాం. కాబట్టి మనకు కావలసింది అందులోంచి తీసుకుందాం, కానీ అది ఎందుకు పుట్టిందో మరిచిపోవద్దు. మరిచిపోతే ఉత్త డాన్సు అడుగులా మిగులుతుంది.

మిగతా చైనా యుద్ధకళల గురించి కొంచెం. షింగ్‌యీ అనే కళలో షాంగ్ యున్‌షియాంగ్ అనే ఆయన ఉండేవాడు, 1937లో పోయాడు. ఆయన్ని 'ఇనుప పాదాల బుద్ధుడు' అనేవాళ్లు. పేరు చాలు, అడుగు ఎలా పడేదో ఊహించుకోవచ్చు. బాగ్వా అనే ఇంకో కళలో చప్పుడు అసలు లేదు. బురదలో నడుస్తున్నట్టు పాదాన్ని నేలకు దగ్గరగా జార్చి పెడతారు. హెబెయ్ రాష్ట్రంలో సాంగ్‌జో ప్రాంతంలో పెరిగిన బాజీ అనే కళలో దాదాపు ప్రతి దెబ్బకూ పాదం దిగుతుంది. దాన్ని తాయ్‌చీలా సడలింపు మీద నడిచే లోపలి కళల్లో కలపాలా, కండబలం మీద నడిచే బయటి కళల్లో కలపాలా అని వాదించుకుంటారు, ఆ వాదన నాకు పెద్దగా పట్టదు. నాకు ముఖ్యం ఏమిటంటే బాజీ వాళ్లు తమ బలాల్లో ఒకదానికి మునిగి జారే బలం అనే పేరు పెట్టుకున్నారు. అంత చప్పుడు చేసేవాళ్లు కూడా కొట్టే బలం అనలేదు.

ఇక తాయ్‌చీలోనే యాంగ్ శైలి. యాంగ్ లూచాన్ 19వ శతాబ్దంలో చెన్‌జియాగౌలో చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకుని, బీజింగ్ వెళ్లి అప్పట్లో చైనాను ఏలుతున్న మంచూ ప్రభువులకు నేర్పాడు. ఆయన తరువాతి తరాల్లో ఎగరడాలు, పాదం దించడాలు క్రమంగా పోయాయి. పొడుగు అంగీలు వేసుకునే పెద్దమనుషులకు ఎగరడం కుదరక తీసేశారని ఒక మాట ఉంది. కారణం ఏదైనా, చప్పుడు పోయింది, మునగడం పోలేదు. యాంగ్ శైలి బాగా చేసేవాళ్ల అడుగు చూడండి. పిల్లిలా పాదం పెడతారు. పెట్టాక బరువు అందులోకి నీళ్లు నిండినట్టు నిండుతుంది. చెన్ శైలివాళ్లు క్షణంలో చేసేదాన్ని వాళ్లు మూడు సెకన్లు తీసుకుని చేస్తారు. కాబట్టి మా దాంట్లో చప్పుడు లేదు, మాది తక్కువ అని ఎవరూ అనుకోవద్దు. తిరగేసి చెప్పాలంటే, 1928లో చెన్ ఫాకె బీజింగ్ వచ్చి తన కుటుంబ శైలిని చూపించేదాకా, తాయ్‌చీ అంటే మెత్తగా చేసేదే అని ఆ నగరం అనుకుంది. ఆయన వచ్చాక మెత్తదనం వెనక ఏముందో అందరికీ కనబడింది.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. అడగండమ్మా.

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. నేను కూచిపూడి నేర్పుతాను. మేము అరమండిలో కూర్చుని గంటల తరబడి పాదం తడతాం. మీరు చెప్పినదాన్ని బట్టి మేము చేస్తున్నది తప్పా?

తప్పు అనను అమ్మా. నాట్యంలో పాదం తాళం చెప్పాలి, మృదంగంతో మాట్లాడాలి. చప్పుడు అక్కడ సంగీతం. మా దగ్గర అది బరువు దిగిందని చెప్పే గుర్తు మాత్రమే. పని వేరు. కానీ ఒంటి సంగతి రెండుచోట్లా ఒకటే. మీ శిష్యుల్లో ఎక్కువకాలం నొప్పి లేకుండా ఆడుతున్నవాళ్లను గమనించండి. వాళ్ల భుజాలు అడుగుతో పాటు ఎగరవు. తొడ పైమడత దగ్గర మెత్తగా ఉంటుంది. ఇంకో మాట, నేల. అడుగున కాస్త ఖాళీ ఉన్న చెక్క వేదికకు, గ్రానైట్ పరిచిన హాలుకు మీ పిల్లల మోకాళ్లలో చాలా తేడా ఉంటుంది. ఆ ఖర్చు పెట్టించగలిగితే పెట్టించండి.

ప్రశ్న: సార్, నాకు అరవై రెండేళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయని డాక్టర్ చెప్పారు. నేను చెన్ శైలి మానేయాలా?

మానేయక్కర్లేదండీ, చప్పుడు మానేయండి. 2016లో అమెరికాలో మోకాళ్లు అరిగిన 204 మందితో ఒక పరిశోధన చేశారు. సగం మందికి పన్నెండు వారాలు తాయ్‌చీ, సగం మందికి ఫిజియోథెరపీ. నొప్పి తగ్గడంలో రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. అయితే వాళ్లు చేసింది మెత్తని యాంగ్ పద్ధతి. పాదం దభీమని వేయలేదు. మీరు జింగాంగ్ దావ్ దుయ్ చేసేటప్పుడు కుడి పాదాన్ని నేల మీద పెట్టండి, పిల్లి పెట్టినట్టు. పెట్టిన తరువాత భుజాలు, తుంటి, ఊపిరి మూడూ ఒకేసారి వదలండి. చప్పుడు ఉండదు, కానీ లోపల దిగడం పూర్తిగా ఉంటుంది. కుడి పాదానికి బరువు ఎంత ఇవ్వాలో మీ మోకాలు చెబుతుంది, దాని మాట వినండి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్లు చూస్తున్న దిక్కులోనే వంగాలి. లోపలికి వాలితే అక్కడే ఆపేయండి. డాక్టర్‌ను ఒకసారి అడిగి మొదలుపెట్టండి.

ప్రశ్న: మాస్టారూ, వదిలేయమంటే నాకు రావట్లేదు. వదలాలి వదలాలి అనుకుంటేనే ఇంకా టెన్షన్ పెరుగుతోంది.

ఇది అందరికీ ఉన్న బాధే బాబూ. నువ్వు వదలడాన్ని కూడా ఒక పనిగా చేస్తున్నావు, అందుకే. ముందు బిగించు. రెండు భుజాలూ చెవుల దాకా ఎత్తి, పిడికిళ్లు బిగించి, ఐదు లెక్కపెట్టు. అలసిపోతావు. అప్పుడు ఊపిరి వదులుతూ మానెయ్. ఆ మానేసిన క్షణంలో భుజాలు వాటంతట అవే పడతాయి. నువ్వు దించలేదు, ఎత్తడం మానేశావు, అంతే. ఆ పడే క్షణం ఎలా ఉందో గుర్తుపెట్టుకో. రేపు ఒక కుర్చీ వెనక పట్టుకుని నిలబడి, కుడి కాలు బెత్తెడు ఎత్తి, అదే మానేయడం కాలితో చెయ్. వంద సార్లు వద్దు, పది చాలు. నెల రోజుల తరువాత కుర్చీ తీసెయ్.

ఇంకో గంట కూర్చోబెడితే మీ గజ్జలు మళ్లీ బిగుసుకుపోతాయి. బయట గడ్డిలోకి వెళ్దాం. చెప్పులు, బూట్లు ఇక్కడే వదిలేయండి, తడిగా ఉంది కాబట్టి కొంచెం చూసుకుని నడవండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు నా కుడివైపు నిలబడండి, మీకు చప్పుడు లేనిది చూపిస్తాను. తక్కినవాళ్లు జంటలుగా నిలబడండి. ఒకరు కాలు వదలండి, ఇంకొకరు వాళ్ల భుజం మీద చెయ్యి వేసి, అది పైకి లేస్తోందా లేదా చూసి చెప్పండి.